పళ్ల ఐసు గట్టిపడితే ఫ్రీజర్‌ని తిట్టకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

పళ్లతో ఐసులు, సార్బెట్లు (పాలు లేకుండా పళ్ల రసం, పంచదారతో గడ్డకట్టించేవి) చేయడం, నేర్పడం నా పని. ఎండలు ముదిరేసరికి అందరూ అడిగేది ఒకటే: "అన్నీ సరిగ్గానే వేశాం, చెంచా దిగట్లేదు, ఎందుకని?" విచారిస్తే ఎక్కడో విన్న ఓ మాట బయటపడుతుంది. తరచూ వినేవి ఇవీ.

అపోహ: పంచదార తీపి కోసమే. సగం తగ్గించినా ఏం కాదు.

వాస్తవం: తీపి సంగతి తర్వాత. పంచదార కలిసిన నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా చల్లబడాలి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల్లో ఉన్నా కొంత నీరు చిక్కటి పాకంగానే మిగిలిపోతుంది. ఐసు పలుకుల మధ్య చేరిన ఆ పాకం వల్లే ఐసు మెత్తగా ఉంటుంది. పండులో ఉన్నదీ మనం వేసేదీ కలిపి మొత్తంలో చక్కెర 25 నుంచి 30 శాతం ఉంటే సార్బెట్ కుదురుతుంది. బాగా తగ్గితే గడ్డ, బాగా పెరిగితే ఎంతసేపు ఉంచినా జావ.

అరకిలో తీపి మామిడి గుజ్జుకి 100 గ్రాముల పంచదార చాలు. పుచ్చకాయలో 90 శాతానికి పైగా నీళ్లే, అందుకే అరకిలో రసానికి 130 గ్రాములైనా పడుతుంది. పలచటి రసాలకి పాత చిట్కా ఒకటుంది. కొంత రసం గ్లాసులోకి తీసి, కడిగిన పచ్చి గుడ్డుని అందులో వదలండి. తేలి, నాణెమంత పెంకు పైకి కనిపిస్తే పాళ్లు కుదిరినట్టే. మునిగిపోతే పంచదార చాలదు. పెంకు మరీ ఎక్కువ తేలితే నీళ్లు కలపాలి. చూశాక ఆ గ్లాసు రసం పారబోయండి. చిక్కటి గుజ్జుకి మాత్రం ఈ చిట్కా పనికిరాదు.

ఇంకో మాట. చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది. ఫ్రీజర్లో పెట్టేముందు రుచి చూస్తే "కాస్త ఎక్కువైందే" అనిపించాలి.

అపోహ: పంచదార బదులు స్టీవియా (ఓ మొక్క ఆకుల నుంచి తీసే తీపి పొడి) వేసినా అంతే.

వాస్తవం: కాదు. చిటికెడు స్టీవియాతో తీపి వస్తుంది, మెత్తదనం రాదు. తేనె పనిచేస్తుంది, పంచదార కన్నా మెత్తగా కూడా ఉంచుతుంది. ఏడాది నిండని పిల్లలకి మాత్రం తేనె పెట్టకూడదు, గడ్డకట్టించినా సరే. "పంచదార వేయలేదు, షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పండులో ఉన్నదీ చక్కెరే కదా!

అపోహ: మెషీన్ లేకపోతే మెత్తగా రాదు.

వాస్తవం: ఐసు పలుకు ఎంత చిన్నదైతే అంత మెత్తన. మెషీన్ తిప్పుతూ గడ్డకట్టిస్తుంది కాబట్టి పలుకులు పెరగవు. మనం మిశ్రమాన్ని వెడల్పాటి పళ్లెంలో పలచగా పోసి, గడ్డకట్టాక ముక్కలు చేసి మిక్సీలో వేస్తే చాలావరకు అదే పని అవుతుంది. ఆపి ఆపి తిప్పండి, లేకపోతే ఆ వేడికి కరిగిపోతుంది. మిక్సీ కూడా వద్దనుకుంటే అరగంటకోసారి ఫోర్కుతో గీరండి. పలుకుపలుకుగా వస్తుంది, పుల్లటి పళ్లకి నాకైతే అదే ఇష్టం.

అరటిపండుకి పంచదార కూడా అక్కర్లేదు. తొక్క మీద మచ్చలు పడ్డ పండుని చక్రాలుగా కోసి, రాత్రంతా ఫ్రీజర్లో ఉంచి మిక్సీలో వేయండి. ముందు రవ్వలా పొడిపొడిగా అవుతుంది. ఇక్కడే చాలామంది కంగారుపడి పాలు పోసేస్తారు. పోయకండి. అంచులకు అంటింది గీరి మళ్లీ తిప్పండి, మళ్లీ గీరండి. కాసేపటికి పొడంతా ముద్ద కట్టి, ఒక్కసారిగా నున్నటి క్రీమ్ అయిపోతుంది.

అపోహ: గడ్డకట్టిస్తే క్రిములు చచ్చిపోతాయి.

వాస్తవం: చాలావాటికి ఎదుగుదల ఆగుతుంది, అంతే. కరిగితే మళ్లీ మొదలు. అందుకే పండుని కోయకముందే కడగాలి, కలిపే నీళ్లు తాగేంత శుభ్రంగా ఉండాలి. ఎండవేళ బయట కరిగి కూర్చున్న ఐసుని తిరిగి ఫ్రీజర్లో పెట్టొద్దు. రుచి కూడా ఎలాగూ పాడవుతుంది, పలుకులు పెద్దవై నోట్లో కరకరలాడతాయి.

అపోహ: వేడి పాకం తిన్నగా ఫ్రీజర్లో పెడితే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: ఆ వేడికి పక్కనున్నవి కరగడం మొదలెడతాయి. చల్లార్చి, ఫ్రిజ్‌లో కొన్ని గంటలు ఉంచి, అప్పుడు పెట్టండి.

అపోహ: ఏ పండైనా పాలల్లో కలిపేయొచ్చు.

వాస్తవం: వేడిచేయని తాజా అనాస, కివీలతో జాగ్రత్త. వాటిలోని ఎంజైములు పాలలోని ప్రొటీన్‌ని విరగ్గొడతాయి, పాలు చేదెక్కుతాయి. ఫ్రీజర్ చలికి ఆ ఎంజైములు పోవు, వేడికే పోతాయి. అనాస ముక్కల్ని పంచదారతో కాసేపు మరిగించి, పూర్తిగా చల్లారాక పాలు కలపండి. డబ్బాలో దొరికే అనాసని ముందే వేడిచేసి ఉంటారు కాబట్టి దాంతో ఈ గొడవ లేదు.