నల్లపిట్ట, ఊదాపిట్ట, ఒకే పిట్ట

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు రెండు ఫోటోలు పంపారు. పార్కులో నూరువరహాల పొద మీద వాలిన తేనెపిట్ట. మొదటి దాంట్లో అచ్చం బొగ్గుముక్క. రెండో దాంట్లో తల మీద ఊదా, మెడ మీద నీలం తళతళలాడుతున్నాయి. "నిమిషం తేడాతో తీశాను. పిట్ట అదే. కెమెరా పాడైందంటారా?" అని అడిగారు.

కెమెరా భేషుగ్గా ఉంది. ఆ పిట్ట ఒంట్లో ఊదా రంగే లేదు!

ధర్మవరం పట్టుచీర కొంగు వెలుగులో తిప్పి చూసే ఉంటారు. పడుగు ఒక రంగు, పేక మరో రంగు. ఒక వైపు నుంచి ఆకుపచ్చ, కాస్త వాల్చితే ఎరుపు. తేనెపిట్ట కూడా అంతే అనిపిస్తుంది. కానీ చీరలో ఏ పోగు లాగినా దాని రంగు దానికి ఉంటుంది, అద్దకంలో ముంచి తీసినదే కదా. తేనెపిట్ట ఈకను నూరితే మిగిలేది నల్లటి పొడి. అది మెలనిన్, మన జుట్టుకు నలుపునిచ్చేదే. చీర పోలిక ఇక్కడ చిరిగింది, అయినా నేను వదలను. ఈకలోనూ పడుగూ పేకా ఉన్నాయి: గోళ్లలో ఉండే కెరటిన్, దాని కింద మెలనిన్ రేణువులు, పొర మీద పొర. రంగును తేల్చేది పోగు కాదు, పోగుకూ పోగుకూ మధ్య ఎడం.

కాంతిలో కొంత కెరటిన్ పైముఖం నుంచి, కొంత అడుగు నుంచి వెనక్కి వస్తుంది. రెండోది ఎక్కువ దూరం నడుస్తుంది. ఆ అదనపు నడక ఏ రంగు తరంగదైర్ఘ్యానికి సరిపోతే ఆ రంగు బలపడుతుంది. లెక్క కోసం పొర మందం 150 నానోమీటర్లు, వక్రీభవన గుణకం (పొరలో కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 1.55 అనుకుందాం. రెండింతల మందాన్ని 1.55తో గుణిస్తే 465 నానోమీటర్లు, అంటే నీలం. పొర లోపల కాంతి 30 డిగ్రీలు వాలితే కొసైన్ 0.866తో గుణించాలి: 403, ఊదా. పిట్ట మెడ తిప్పితే చాలు, రంగు జరిగిపోతుంది. క్లాసులో ఈ సూత్రాన్ని బట్టీ పట్టిస్తారు. కిటికీ సన్‌షేడ్ మీద గునిసే పావురం మెడలో అదే సూత్రం మెరుస్తుంటే, ఆ వైపు చూసే కుర్రవాణ్ని కసురుతారు.

మరి బొగ్గుముక్క? ఈక పోగులు చిన్న చిన్న అద్దాల వంటివి. సూర్యుడు పిట్ట వెనక ఉంటే అవి వెలుగును మన వైపు పంపవు. మిగిలిన వెలుగును మెలనిన్ మింగేస్తుంది. కాబట్టి ఉదయం ఎండను వీపు మీద పెట్టుకుని పొదకు ఎదురుగా నిలబడండి.

పాలపిట్ట నీలానికి ఈ బెడద అంతగా లేదు. దాని ఈకలో పొరలు కావు, గాలి బుడగలు నిండిన స్పాంజి లాంటి కెరటిన్. ఏ వైపు నుంచి చూసినా దాదాపు అదే నీలం. ఆకాశం నీలంగా ఉండే కారణమే, అంటే చిన్న కణాలు నీలాన్ని ఎక్కువగా చెదరగొట్టడమే, దీనికీ అని చాలాకాలం పాఠాల్లో చెప్పారు. సి.వి. రామన్ 1934లోనే పాలపిట్ట ఈకల మీద పరిశోధన పత్రం రాశారు. 1998లో అమెరికా పక్షి శాస్త్రవేత్త రిచర్డ్ ప్రమ్ బృందం మరో నీలిపక్షి ఈకలతో ఆ పాఠం తప్పని చూపింది: బుడగల మధ్య ఎడం దాదాపు ఒకే కొలతలో ఉండటమే కారణం. మనం మాత్రం దసరా నాడు శుభమంటూ ఆ పిట్టను పంజరంలో కుక్కి, చూడడానికి డబ్బులిచ్చాం. రెక్క విప్పని పాలపిట్టలో చూడడానికి ఏముంది?

జవాబు రాశాక ఆవిడ మూడో ఫోటో పంపారు. ఎండ వీపు మీదే ఉందట, అయినా ఊదా లేదు. పసుపు పొట్ట, దాని నడుమ గొంతు నుంచి కిందికి ఒక నల్లటి గీత. దానికి ఏ కోణమూ పనికిరాదు. జతకట్టే కాలం అయిపోయింది, మగపిట్ట ఈకలే మార్చేసుకుంది.