థార్ ఇప్పుడే కొనాలా, ఆగాలా: ఈ ప్రశ్న వెనక పదిహేనేళ్ల కథ

2025 ఆగస్టు రెండో వారంలో మా మేనల్లుడు పాడేరు నుంచి ఫోన్ చేశాడు. "మామయ్యా, శ్రావణం వెళ్లేలోపు థార్ బుక్ చేద్దామనుకుంటున్నా. అడ్వాన్సు కట్టేయనా?" అని. థార్ అంటే మహీంద్రా వాళ్ల జీపు లాంటి బండి. వాడిది సరదా కాదు, కాఫీ, మిరియాల తోటల చుట్టూ తిరిగే పని. వానాకాలంలో అక్కడి ఎర్రమట్టి టైరు గాళ్ల నిండా పిండిలా పట్టేస్తే మామూలు కారు ఉన్నచోటే చక్రాలు తిప్పుకుంటూ ఉండిపోతుంది. ఇదంతా తెలిసి కూడా "కట్టేయ్" అనలేకపోయాను. "పంద్రాగస్టు వెళ్లనీరా" అన్నాను.

థార్ వ్యవహారం తెలిసినవాళ్లు ఎవరైనా ఆ మాటే అంటారు. 2020 ఆగస్టు 15న రెండో తరం థార్‌ని మహీంద్రా బయటపెట్టింది. 2023లో అదే రోజున దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఎలక్ట్రిక్ థార్ నమూనా చూపించింది. 2024 ఆగస్టు 15కి అయిదు తలుపుల థార్ రాక్స్ వచ్చింది. అందుకే ఏటా జులై, ఆగస్టు నెలల్లో ఈ బండి కొనాలనుకునేవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. ఈ ఎదురుచూపు ఎలా అలవాటైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మొదట్లో ఎదురుచూడటమనే మాటే లేదు. 1947 నుంచి మహీంద్రా వాళ్లు అమెరికా విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించారు. తర్వాత వాటినే లైసెన్సు మీద తయారుచేశారు. దశాబ్దాలు గడిచినా ముక్కు, మడ్‌గార్డులు, నిటారుగా నిలబడ్డ అద్దం పెద్దగా మారలేదు. మన ఏజెన్సీ ఊళ్లలో వారపు సంతకి జనాన్ని చేరవేసిన కమాండర్ జీపులు ఆ వంశంవే. లోపల ఎదురుబొదురు బెంచీలు, పైన బస్తాలు, వెనక మెట్టు మీద వేలాడే ఇద్దరు ముగ్గురు. బొర్రా దగ్గర కటికి జలపాతానికి వెళ్లినవాళ్లు ఇలాంటి జీపుల్లో ఒళ్లు హూనం చేసుకునే ఉంటారు. అప్పట్లో జీపు కావాలంటే ఉన్నదే కొనుక్కోవాలి. పదేళ్లు ఆగినా వచ్చేది అదే. 1985లో వచ్చిన మారుతి జిప్సీదీ ఇంచుమించు అదే కథ. 2019లో మామూలు కొనుగోలుదార్లకి అమ్మకం ఆగిపోయేదాకా దాని ఆకారం మారిందంటే మారింది, లేదంటే లేదు.

2010లో థార్ అనే పేరుతో వచ్చిన మొదటి బండి కూడా పాత జీపే, కొత్త ఇంజన్‌తో. పైన గుడ్డ టాపు, వెనక పక్కబెంచీలు. 2015లో కొద్దిగా మెరుగులు దిద్ది, వెనక యాక్సిల్‌కి లాకింగ్ డిఫరెన్షియల్ ఇచ్చారు. వెనక చక్రాల్లో ఒకటి బురదలో ఊరికే తిరుగుతుంటే రెండోదానికి బలం అందించే ఏర్పాటు అది. అడవి దారుల్లో తిరిగేవాళ్లకి అదే పెద్ద మార్పు. ఇంట్లోవాళ్లకి మాత్రం అది కారులా ఎప్పుడూ అనిపించలేదు.

దాన్ని మార్చక తప్పని పరిస్థితి చట్టాల వల్ల వచ్చింది. 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, అక్టోబరు నుంచి క్రాష్ నిబంధనలు, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 పొగ నిబంధనలు. ఏడాదిలో ఇన్ని వచ్చిపడితే పాత జీపు అస్థిపంజరం తట్టుకోలేదు. 2019 జూన్‌లో మహీంద్రా చివరి 700 బండ్లని 'థార్ 700' పేరుతో 9.99 లక్షలకి అమ్మి ఆ తరాన్ని ముగించింది. ఆగాలా, కొనాలా అనే ప్రశ్న గట్టిగా మొదలైంది అప్పుడే. పాత జీపు మీద ప్రాణం ఉన్నవాళ్లు ఆ 700 కోసం పరిగెత్తారు. మిగతావాళ్లు ఆగారు.

ఆగినవాళ్లకి దక్కింది మామూలు మార్పు కాదని ఇప్పటికీ అంటాను. 2020 అక్టోబరు 2న అమ్మకానికి వచ్చిన బండికి గట్టి టాపు, ఆటోమేటిక్ గేరు, పెట్రోల్ ఇంజన్, ముందుకి తిరిగిన వెనక సీట్లు ఉన్నాయి. 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో నడుస్తుందని కంపెనీ చెప్పింది. ఆ నవంబరులోనే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ చేసే భద్రత పరీక్షలో 4 నక్షత్రాలు వచ్చాయి. గుడ్డ టాపు, పక్కబెంచీల బండి నుంచి ఇక్కడికి రావడమంటే రెండు మెట్లు ఒకేసారి ఎక్కినట్టు.

ఆగినందుకు కట్టిన మూల్యం కూడా ఉంది, దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. 9.80 లక్షల నుంచి అని ప్రకటించిన ధర వెనక పక్కబెంచీలే ఉన్న కింది రకానిది. కొద్ది నెలల్లోనే ఆ కింది రకాల్ని తీసేశారు. దాంతో ప్రారంభ ధర దాదాపు 12 లక్షలకి చేరింది. మొదటి నెలలోనే 20 వేల బుకింగులు వచ్చాయి, డెలివరీకి నెలల తరబడి ఆగాల్సొచ్చింది. పైగా 2020 సెప్టెంబరు 7 నుంచి డిసెంబరు 25 దాకా తయారైన డీజిల్ బండ్లు 1,577ని ఇంజన్‌లోని క్యామ్‌షాఫ్ట్ అనే భాగం మార్చడానికి వెనక్కి పిలిచారు. కంపెనీ ఖర్చుతోనే మార్చారు, అందులో దాపరికం లేదు. కానీ కొత్త మోడల్ మొదటి విడతలో ఇలాంటివి బయటపడటం సహజం. అందుకే కొత్త డిజైన్ వచ్చిన వెంటనే కాకుండా ఆరేడు నెలలు చూసి కొనమని చెబుతుంటాను. అంటే 'ఆగు' అన్న మాట నిజానికి రెండుసార్లు ఆగమని.

2023 జనవరిలో ఇంకో మలుపు వచ్చింది. వెనక చక్రాలకే బలం వెళ్లే థార్‌ని 1.5 లీటర్ల డీజిల్‌తో 9.99 లక్షలకి తెచ్చారు. దీని వెనక ఉన్నది పన్ను లెక్క. పొడవు 4 మీటర్లలోపు, డీజిల్ ఇంజన్ 1500 సీసీలోపు ఉంటే పన్ను తక్కువ. ఆకారం థార్‌దే, బురదలో దిగితే మాత్రం ఫోర్ బై ఫోర్ కాదు, అంటే నాలుగు చక్రాలకీ బలం అందదు. ఊరేగడానికి చాలు. మా వాడి పనికి చాలదు.

అదే నెలలో మారుతి, థార్‌కి పోటీ అయిన అయిదు తలుపుల జిమ్నీని చూపించింది. జూన్‌లో 12.74 లక్షల నుంచి మొదలుపెట్టింది. ఏడాది తిరక్కుండానే థండర్ ఎడిషన్ పేరుతో 10.74 లక్షలకి ఇచ్చింది. ముందు కొన్నవాళ్ల కడుపుమంట నాకు అర్థమవుతుంది. ఆరు నెలల్లో రెండు లక్షలంటే చిన్న మాట కాదు. అక్కడ డిజైన్ ఏమీ మారలేదు, ధర ఒక్కటే మారింది.

ఇక రాక్స్. మూడు తలుపుల థార్‌లో వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి, ఒక కాలు పైకెత్తి, తల వంచుకుని దూరాలి. పిల్లలకది ఆట, పెద్దవాళ్లకి శిక్ష. నాలుగేళ్లు జనం అడుగుతూ వచ్చిన రెండు వెనక తలుపులు 2024లో దొరికాయి. చక్రాల మధ్య దూరం 2450 మిల్లీమీటర్ల నుంచి 2850కి పెరిగింది. అప్పటి ధర 12.99 లక్షల నుంచి. అక్టోబరు 3న బుకింగులు తెరిస్తే గంటలో 1.76 లక్షలు దాటాయి. ఫోర్ బై ఫోర్ మాత్రం డీజిల్‌లోనే, అప్పట్లో 18.79 లక్షల నుంచి. లోపల తెల్లటి సీట్లు చూసి, ఆ ఎర్రమట్టి కాళ్లతో ఎలా ఎక్కుతార్రా అనుకున్నాను. అందరూ అదే అడిగినట్టున్నారు, ఫోర్ బై ఫోర్ రకాలకి ముదురు గోధుమరంగు లోపలి భాగం కూడా ఇచ్చారు.

మళ్లీ మా వాడి దగ్గరికి వస్తాను. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని జీఎస్టీ తగ్గింపులు రాబోతున్నాయన్నారు. అదే రోజు ముంబైలో మహీంద్రా విజన్ టీ అనే నమూనా చూపించింది. ఆగడానికి ఒకే రోజు రెండు కారణాలు. సాయంత్రం మళ్లీ ఫోన్, "ఇప్పుడేం చేయమంటావ్?" అని.

ఆ రెండు కారణాలూ ఒక రకానివి కావని వాడికి చెప్పాను. పన్ను సంగతి వారాల్లో తేలిపోతుంది. తేలింది కూడా. సెప్టెంబరు 22 నుంచి చిన్న డీజిల్ థార్ మీద పన్ను 31 శాతం నుంచి 18కి, 2.2 లీటర్ల ఫోర్ బై ఫోర్ మీద 48 నుంచి 40కి తగ్గింది. మొదటిదాని మీద 1.35 లక్షల దాకా, రెండోదాని మీద 1.01 లక్షల దాకా ధర తగ్గింది. లైఫ్ ట్యాక్స్ కూడా బండి ధర మీద శాతమే కాబట్టి అక్కడా కొంత మిగులుతుంది.

విజన్ టీ అలా కాదు. టీ అంటే థారేనని చాలామంది అనుకుంటున్నారు, చూపు కూడా అలాగే ఉంది. కానీ ఆ నమూనా నిలబడింది ఎన్‌యూ ఐక్యూ అనే కొత్త పునాది మీద. అది మోనోకాక్, అంటే బాడీ, ఛాసిస్ ఒకే ముక్క. ఇప్పటి థార్‌కి కింద నిచ్చెన లాంటి ఇనుప ఛాసిస్ వేరుగా ఉంటుంది. రాళ్ల దారిలో ఒక చక్రం గాల్లోకి లేచినప్పుడు ఆ మెలికని మోసేది ఆ నిచ్చెనే. మోనోకాక్ బండి రోడ్డు మీద మెత్తగా పోతుంది, బరువు తగ్గుతుంది, మైలేజీకి మంచిది. చేసే పనే వేరు. పైగా ఆ బండ్లు 2027 నుంచి వస్తాయని కంపెనీయే చెప్పింది. దానికి బుకింగ్ క్యూ, తొలి విడత సర్దుబాట్లు కలుపుకుంటే ఇంకో రెండు మూడు వానాకాలాలు. తోటల్లో పని అన్నాళ్లు ఆగదు.

దసరా మర్నాడు, అక్టోబరు 3న, మూడు తలుపుల థార్‌కే చిన్నపాటి మార్పులు చేసి 9.99 లక్షల నుంచి మళ్లీ దించారు. పెద్ద స్క్రీన్, వెనక ఏసీ గాలి, వెనక కెమెరా వచ్చాయి. అద్దాలు దించే బటన్లు గేరు దగ్గర నుంచి తలుపుల మీదకి మారాయి. టోల్‌గేటు దగ్గర ఆ బటను కోసం తడుముకున్నవాళ్లకి అదే పెద్ద పండగ. ఇంజన్లు మాత్రం పాతవే. అయిదేళ్లు జనం చేతుల్లో నలిగిన ఇంజన్, గేరుపెట్టె, ఛాసిస్. నాకు నచ్చింది అదే.

మా వాడు ఫోర్ బై ఫోర్ డీజిల్ తీసుకున్నాడు. కార్తీకమాసంలో పాడేరు వెళ్తే గుమ్మం ముందు ఉంది, మడ్‌గార్డుల దాకా ఎర్రమట్టితో. ఆగస్టులో షోరూముకి తీసుకెళ్లినప్పుడు అక్క ముందు సీటులోకి ఎక్కలేక, తలుపు పట్టుకుని నిలబడి "నాకెందుకురా ఇది, మీరు తిరగండి" అంది. కొత్త బండిలో ముందు అద్దం పక్క స్తంభానికి చేతిపిడి పెట్టారు. అక్క చీర కుచ్చిళ్లు ఎడంచేత్తో ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో ఆ పిడి అందుకుని, ఒక్క ఊపున ఎక్కి కూర్చుంది. "పద, సంతకెళ్దాం" అంది.