వోల్టులు, ఆంపియర్లు, వాట్లు: అపోహలు - వాస్తవాలు

ఇళ్ల వైరింగు, బోరు మోటార్ల రిపేర్లు నా పని. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది, గుణిస్తే వాట్లు వస్తాయి. బడిలో అందరం చదివిందే. అయినా ఏ వస్తువుకు ఏ లెక్క వెయ్యాలో తెలియక మోటార్లు, ప్లగ్గులు కాల్చుకుంటున్న వాళ్లను తరచూ చూస్తున్నాను.

అపోహ: లో వోల్టేజీలో ఏదైనా కరెంటు ఎక్కువ లాగుతుంది.

గీజర్ లాగదు. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్ల గీజర్ 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే కాయిల్ రెసిస్టెన్స్ సుమారు 26.5 ఓమ్‌లు. వోల్టేజీ 180కి పడినా ఈ ఓమ్‌లు పెద్దగా మారవు. అందుకే ఆంపియర్లు 6.8కి, వాట్లు 1,220 దగ్గరికి తగ్గుతాయి. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే.

బోరు మోటారు సంగతి వేరు. వోల్టేజీ తగ్గినా నీళ్లు అంతే లోతు నుంచి పైకి రావాలి. పని తగ్గదు కాబట్టి మోటారు ఆంపియర్లు పెంచుకుంటుంది. వైండింగ్‌లో, అంటే మోటారు లోపలి తీగ చుట్లలో, పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆంపియర్లు 20 శాతం పెరిగితే వేడి 44 శాతం పెరిగినట్టే. స్టార్టర్ ఊరికే ట్రిప్ అవుతోంది, రిలే సెట్టింగ్ కాస్త పెంచు అన్నా అని రైతులు అడుగుతుంటారు. ఆంపియర్లు సెట్టింగ్ దాటితే మోటారును ఆపేదే ఆ రిలే. నేను పెంచను. నేమ్‌ప్లేట్ మీదున్న ఆంపియర్లకే పెడతాను. పైరు ఎండుతోందన్న వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ మోటారు కాలితే పైపులన్నీ పైకి లాగాలి, వైండింగ్ చేయించాలి, మళ్లీ దించాలి. అన్ని రోజులూ పైరుకు నీళ్లుండవు.

అపోహ: మల్టీమీటర్‌లో ఓమ్‌లు చూస్తే వాట్లు తెలిసిపోతాయి.

గీజర్ కాయిల్‌కు దాదాపు సరిపోతుంది. పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బుకు పెట్టి చూడండి, 40 ఓమ్‌ల లోపే చూపిస్తుంది. ఆ లెక్కన అది 1,300 వాట్ల పైచిలుకు బల్బు కావాలి! వెలిగాక టంగ్‌స్టన్ తీగ బాగా వేడెక్కి, రెసిస్టెన్స్ 529 ఓమ్‌ల దాకా పెరుగుతుంది. ఆరి ఉన్న బల్బు ఓమ్‌లు వెలిగే బల్బుకు పనికిరావు. మోటారు వైండింగ్‌కూ ఈ లెక్క కుదరదు, తిరిగేటప్పుడు కరెంటును ఆపేది తీగ రెసిస్టెన్స్ ఒక్కటే కాదు. తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌తో ఆంపియర్లు చూడాలి. సింగిల్ ఫేజ్ మోటారుకు వాట్లు కావాలంటే వోల్టులతో పాటు పవర్ ఫ్యాక్టర్‌తో (వోల్టులు, ఆంపియర్ల గుణకారంలో నిజంగా వాట్లయ్యే వంతుతో) కూడా గుణించాలి. ఓమ్‌లు చూసేటప్పుడు మాత్రం సప్లై తీసేసి తీరాలి.

అపోహ: ప్లగ్ కాలిందంటే గీజర్ కరెంటు ఎక్కువ లాగుతోంది.

ఇలాంటి ఇళ్లలో క్లాంప్ మీటర్ పెడితే చాలాసార్లు ఆ 8.7 ఆంపియర్లే కనిపిస్తాయి. లోపం ప్లగ్ పిన్ను దగ్గర ఉంటుంది. అక్కడ లూజ్ కాంటాక్ట్ వల్ల అర ఓమ్ చేరిందనుకోండి. 8.7ని 8.7తో, మళ్లీ 0.5తో గుణిస్తే 38 వాట్లు. సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్‌కే 25 వాట్లు చాలు. అంతకు మించిన వేడి ఆ చిన్న ప్లగ్‌లో పుడుతోంది! ఆంపియర్లు పెరగలేదు కాబట్టి, కరెంటు ఎక్కువైతే సప్లై ఆపే ఎంసీబీ స్విచ్ కూడా పడదు. అందుకే ఇది నన్ను అన్నిటికన్నా భయపెడుతుంది.

నెలకోసారి స్విచ్ ఆపి గీజర్ ప్లగ్ బయటికి తీసి చూడండి. పిన్ను నల్లబడితే ప్లగ్ టాప్, సాకెట్ రెండూ మార్పించండి. ఒక్కటే మారిస్తే మాడిన పాతది కొత్తదాన్ని కూడా కాలుస్తుంది.