వోల్టేజి పడినప్పుడే లోడు గుట్టు బయటపడుతుంది

“ప్రతి కనెక్షన్‌కూ మీటరు ఉంది కదా, ఇంకా లోడును మోడల్ చేయడమెందుకు?” అని ఒక పాఠకుడు అడిగారు. మీటరు చెప్పేది ఎంత వాడారన్నదే. వోల్టేజి పడితే ఆ వాడకం, అంటే లోడు, ఎంత తగ్గుతుందన్నది గ్రిడ్ ఇంజినీరుకు కావాలి. దాన్ని లెక్కగట్టే సూత్రమే లోడు మోడల్. 1996 ఆగస్టు 10న ఉత్తర అమెరికా పశ్చిమ గ్రిడ్ ముక్కలైనప్పుడు రికార్డర్లలో పవర్ ఊగిసలాట అంతకంతకూ పెరిగింది. అదే ఘటనను అప్పటి మోడళ్లతో కంప్యూటర్లో నడిపితే ఊగిసలాట అణిగిపోయింది! ఆ తేడాకు లోడు మోడల్ కూడా ఒక కారణం.

లోడును మూడు భాగాలుగా విడదీయడం పాత పద్ధతి. స్థిర ఇంపీడెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం మారని) భాగం వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది, స్థిర కరెంటు భాగం వోల్టేజితో పాటే తగ్గుతుంది, స్థిర పవర్ భాగం కదలదు. పాఠాల్లో ఇక్కడే పట్టిక ఇచ్చి ఆపేస్తారు. అసలు చిక్కు కొలతల దగ్గరే మొదలవుతుంది కాబట్టి అక్కడే మొదలుపెట్టి చెప్పాలని నా అభిప్రాయం.

10 మెగావాట్ల ఫీడర్లు (సబ్‌స్టేషన్ నుంచి ఒక ప్రాంతానికి కరెంటు మోసే లైన్లు) రెండు తీసుకోండి. మొదటిది పూర్తిగా స్థిర కరెంటు. రెండోదానిలో సగం స్థిర ఇంపీడెన్స్, సగం స్థిర పవర్. వోల్టేజి 2 శాతం తగ్గితే మొదటిది 9.800 మెగావాట్లు, రెండోది 9.802. తేడా 2 కిలోవాట్లు. ఎవరో ఒక హీటరు వేసినా అంత తేడా వస్తుంది. అదే వోల్టేజి సగానికి పడితే మొదటిది 5 మెగావాట్లు, రెండోది 6.25. చిన్న కదలికల్లో కవలల్లా కనిపించినవి పెద్ద దెబ్బకు 1.25 మెగావాట్ల దూరం జరిగాయి. అందుకే ట్యాప్ మార్పుల (ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజిని కొద్దికొద్దిగా మార్చే మెట్ల) డేటా ఒక్కటే ఇచ్చి, డేటాకు అతి దగ్గరగా సరిపోయే విలువలు వెతికే కనిష్ఠ వర్గాల పద్ధతిలో మూడు గుణకాలూ, అంటే మూడు భాగాల వాటాలూ, రాబడితే మైనస్ విలువలు కూడా వచ్చేస్తాయి. ఆ డేటా నుంచి నమ్మదగ్గది ఒక్క ఘాతాంకమే, అంటే పవర్ వోల్టేజికి ఎన్నో ఘాతంగా మారుతుందన్నదే: వోల్టేజి 2 శాతం తగ్గి పవర్ 3 శాతం తగ్గితే అది సుమారు 1.5.

డేటాను ముందు జల్లెడ పట్టాలి. వోల్టేజి తగ్గినప్పుడు పవర్ పెరిగిందా? చాలావరకు అది లోడు పెరిగి వోల్టేజిని లాగిన సందర్భమే, వదిలేయండి. ట్యాప్ మారిన క్షణానికి ముందు, తర్వాత కొద్ది సెకన్ల సగటులే పోల్చండి. నిమిషాలు ఆగితే థర్మోస్టాట్ ఉన్న హీటర్లు ఎక్కువసేపు ఆన్‌లో ఉండి తగ్గిన పవర్‌ను తిరిగి తెచ్చేస్తాయి, ఘాతాంకం తక్కువగా వస్తుంది. ఆ రికవరీని విడిగా, దాని కాల స్థిరాంకంతో (ఎంత వేగంగా కోలుకుంటుందో చెప్పే అంకెతో) నమోదు చేయాలి.

మోటార్ల సంగతి ఇంకా కఠినం. వోల్టేజి సుమారు 60 శాతానికి పడితే చిన్న ఏసీ కంప్రెసర్లు కొన్ని సైకిళ్లలోనే (మన గ్రిడ్‌లో సైకిలంటే సెకనులో 50వ వంతు) ఆగిపోయి, వేడెక్కితే కరెంటు ఆపే థర్మల్ రక్షణ తెగేదాకా మామూలుకు ఎన్నో రెట్ల కరెంటు లాగుతాయి. మూడు గుణకాల సూత్రంలో దీనికి చోటే లేదు. 15 నిమిషాల రీడింగుల్లో ఇది కనబడనే కనబడదు. ఫీడరు మొదట్లో సైకిలుకొక విలువ చొప్పున వోల్టేజి, యాక్టివ్ పవర్ (నిజంగా పని చేసేది), రియాక్టివ్ పవర్ (పని చేయకుండా లైన్‌కూ లోడుకూ మధ్య ముందుకూ వెనక్కూ తిరిగేది) మూడూ రాసే రికార్డరు ఉండాలి. ఫాల్ట్‌కు (షార్ట్ సర్క్యూట్ లాంటి లోపానికి) ముందు కనీసం ఒక సెకను, తర్వాత 30 సెకన్లు దాచేలా దాన్ని సెట్ చేయాలి.