నల్ల లాగర్‌లో నలుపెంత?

నెగ్రా మోడెలో లాంటి ముదురు రంగు మెక్సికన్ లాగర్‌ని (చలిలో నిదానంగా పులియబెట్టే బీరుని) ఇంట్లో కాయబోయినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "రంగు అచ్చం అదే వచ్చింది. తాగి చూస్తే మాడు చేదు. ఎక్కడ తప్పు జరిగింది?" జవాబు రంగులోనే ఉంది. మెక్సికో నగరంలో 1925లో మొదలైన మోడెలో బ్రూవరీ బీరు ఇది, ఆల్కహాలు 5.4 శాతం. గ్లాసుని దీపానికి అడ్డం పెట్టి చూడండి. నలుపు కనబడదు, రాగి ఎరుపు కనబడుతుంది. అసలు ఇది నల్ల బీరే కాదు. మొక్కజొన్న కలిపిన తేలికపాటి లాగర్‌కి చిటికెడు రంగు పడిందంతే. దాన్ని నల్ల బీరనుకుని మాడ్చిన మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) కుమ్మరించినవాళ్లకి మాడు చేదే మిగులుతుంది.

ఎంత రంగు పడితే గ్లాసు నల్లగా కనిపిస్తుందో లెక్క వేద్దాం. ఈ లెక్క పట్టుబడితే సగం బీరు చేతికొచ్చినట్టే.

బీరు రంగుని యూరప్ బ్రూవర్లు ఈబీసీ అంకెల్లో చెబుతారు. ఒక సెంటీమీటరు మందం ఉన్న బీరు గుండా 430 నానోమీటర్ల నీలి కాంతిని పంపి, ఎంత ఆగిపోయిందో లాగరిథమ్‌లో కొలిచి, 25తో హెచ్చవేస్తారు. మనం కాయబోయే బీరుకి ఈబీసీ సుమారు 32 కావాలి. అంటే సెంటీమీటరుకి శోషణ 1.28. నీలి కాంతి మొదటి సెంటీమీటరు దాటేసరికి నూటికి 5 పాళ్లు మిగులుతుంది. రెండోది దాటాక ఆ అయిదులో మళ్లీ అయిదు శాతమే, అంటే 0.3. మూడోది దాటాక 0.015. ఏడు సెంటీమీటర్ల గ్లాసుని అడ్డంగా దాటేసరికి మిగిలేది దాదాపు 90 కోట్లలో ఒక వంతు. లేనట్టే లెక్క.

ఎరుపు సంగతి వేరు. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ బీరు శోషణ ఏటవాలుగా పడిపోతుంది. 550 దగ్గర, అంటే ఆకుపచ్చలో, నీలంలో ఉన్నదానికి నాలుగో వంతు కూడా ఉండదు. 650 దగ్గర, ఎరుపులో, పదిహేనో వంతు. అదే ఏడు సెంటీమీటర్లలో ఆకుపచ్చ నూటికి ఒక పాలు బయటపడితే, ఎరుపు 25 పాళ్లు బయటపడుతుంది. నీలం సున్నా, ఆకుపచ్చ ఒకటి, ఎరుపు పాతిక. అందుకే దీపం ముందు రాగి ఎరుపు. దీపం పక్కకి తప్పుకుంటే వెనకనుంచి కాంతి రాదు, గ్లాసు నల్లబడుతుంది. డికాక్షన్ గిన్నెలో నల్లగా, సాసర్‌లో ఎర్రగా కనిపించడం కూడా ఇదే లెక్క.

పోల్చడానికి మామూలు పసుపు లాగర్‌ని తీసుకోండి, ఈబీసీ 6. అదే గ్లాసులో నీలం 2 శాతం, ఆకుపచ్చ 42, ఎరుపు 77 శాతం బయటికొస్తాయి. ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే కంటికి పసుపు. రంగు పదార్థం ఒకటే తరహా, మోతాదే వేరు. పసుపు, రాగి, గోధుమ, నలుపు అని మనం పేర్లు పెట్టుకున్నవన్నీ ఒకే వక్రరేఖ మీద వేర్వేరు మెట్లు.

ఇక ఇంట్లో జరిగే పొరపాటు. వోర్ట్ (మాల్ట్ నానబెట్టి తీసిన తీపి రసం) మరిగాక, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ జాడీలోకి కాస్త తీసి చూస్తారు. ఆ జాడీ మందం మూడున్నర సెంటీమీటర్లు ఉంటే ఆకుపచ్చ 10 శాతం, ఎరుపు 50 శాతం దాటివస్తాయి. చూస్తే తేనె రంగు. పైగా వోర్ట్‌లో ప్రోటీన్ మడ్డి తేలుతుంటుంది, అది కాంతిని చెదరగొట్టి రంగుని ఇంకా పాలిపోయేలా చేస్తుంది. "అయ్యో, పలచబడింది" అని ఇంకో 100 గ్రాముల నల్ల మాల్ట్ నానబెట్టి పోస్తారు. ఈబీసీ 45 దాటుతుంది. ఏడు సెంటీమీటర్ల గ్లాసులో ఆకుపచ్చ వెయ్యికి ఒకటికి, ఎరుపు ఏడో వంతుకి పడిపోతాయి. మాడు రుచి మాత్రం రెట్టింపవుతుంది. కొనుక్కొచ్చిన సీసాలోని బీరుని నురగ పోయేదాకా కలిపి, తేరుకున్న మన వోర్ట్‌తో పాటు ఒకేలాంటి రెండు గ్లాసుల్లో, ఒకే ఎత్తున పోసి, ఒకే దీపం ముందు పెట్టి చూడాలి. వేరే ఏ పోలికా పనికిరాదు.

20 లీటర్ల బీరుకి మొత్తం గింజ 4.8 కిలోలు: పిల్స్నర్ మాల్ట్ 2.8 కిలోలు, లేత మ్యూనిక్ మాల్ట్ 1 కిలో, మొక్కజొన్న అటుకులు 700 గ్రాములు, మధ్యరకం క్రిస్టల్ మాల్ట్ 200 గ్రాములు, పొట్టు తీసిన నల్ల మాల్ట్ కారాఫా స్పెషల్ మూడో రకం 100 గ్రాములు. ఈ చివరి 100 గ్రాములే, అంటే గింజలో రెండు శాతమే, రంగులో చాలా భాగం మోస్తుంది. గింజలోని చక్కెర 72 శాతం రాబట్టగలిగితే తొలి సాంద్రత 1.053 వస్తుంది, పులిసి 1.012 దగ్గర ఆగితే ఆల్కహాలు 5.4. నీళ్ల సాంద్రత 1.000 కనుక, దానిమీద పెరిగిన ఆ 53 పాయింట్లలో కారాఫా ఇచ్చేది ఒక్క పాయింటు. నల్ల బీరుకి మత్తెక్కువ అని నమ్మేవాళ్లకి ఈ ఒక్క అంకె చాలు.

పొట్టు తీసిన రకమే ఎందుకు? మాల్ట్‌ని 200 డిగ్రీలు దాటించి వేయిస్తే లోపలి చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి మెలనాయిడిన్లనే పెద్ద రంగు అణువులవుతాయి. మనకి కావలసినవి అవే. అదే వేడికి పొట్టు కూడా మాడుతుంది, వగరు, ఘాటు చేదు ఎక్కువగా అక్కడినుంచే వస్తాయి. పొట్టుని ముందే గీకేసి వేయిస్తే రంగు దక్కుతుంది, ఘాటు చాలావరకు తప్పుతుంది. రెండో జాగ్రత్త కూడా ఉంది. నల్ల మాల్ట్‌ని మొదటినుంచీ మాష్‌లో (వేడి నీళ్లలో కలిపిన గింజలో) నాననివ్వకుండా, పిండి చక్కెరగా మారిపోయాక, గింజ కడగబోయే ముందు పైన పరచాలి. మాష్ ఆమ్లత గాడి తప్పకుండా ఉండటానికీ ఇదే మేలు. చల్లార్చిన నమూనాలో పీహెచ్ 5.3, 5.4 మధ్య ఉండాలి. నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువైతే పీహెచ్ పైకిపోయి పొట్టులోని టానిన్లు దిగుతాయి. అప్పుడొచ్చే వగరుకి నల్ల మాల్ట్‌ని తిట్టి లాభం లేదు.

ఈ బీరు రాగి రంగు వియన్నా లాగర్ తరహాదా, ముదురు గోధుమ రంగు మ్యూనిక్ డుంకెల్ తరహాదా అన్న వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. దానితోపాటే ఒక కథా తిరుగుతుంది: ఆస్ట్రియా నుంచి వచ్చిన మాక్సిమిలియన్ చక్రవర్తి వియన్నా లాగర్‌ని మెక్సికోకి తెచ్చాడని. వియన్నా దగ్గరి ష్వేహాట్‌లో ఆంటన్ డ్రెహర్ ఆ లాగర్ కాచింది 1841లో, మాక్సిమిలియన్ 1864లో వచ్చాడు, కాబట్టి కథ కుదిరినట్టే కనిపిస్తుంది. కానీ ఆయన్ని 1867లోనే కెరెటారోలో కాల్చి చంపారు. లాగర్‌కి నెలల తరబడి చలి కావాలి, వేడి దేశంలో చలికి మంచు యంత్రాలు కావాలి, యంత్రాలు దిగడానికి రైళ్లు కావాలి. మెక్సికో నగరం నుంచి అమెరికా సరిహద్దుకి రైలు మార్గం పూర్తయింది 1884లో. మాంటెరేలో క్వాటెమోక్ బ్రూవరీ వచ్చింది 1890లో. లాగర్‌ని తెచ్చిన ఘనత ఆ రైలుకీ యంత్రానికీ ఇస్తే సరిపోతుంది, చక్రవర్తికి అక్కర్లేదు.

పనిలోకి వద్దాం. పాత్రలు కడగడం, క్రిమిరహితం చేయడం ఏ తొలిపాఠంలోనైనా ఉంటాయి, వదిలేస్తున్నాను. గింజని పొట్టు నలగకుండా కచ్చాపచ్చాగా మరపట్టించాలి. నల్ల మాల్ట్ పక్కన పెట్టి, మిగతాదాన్ని 72 డిగ్రీల నీళ్లు 14 లీటర్లలో కలిపితే మాష్ 66 దగ్గర కుదురుకుంటుంది. గంటసేపు 65, 66 మధ్య ఉంచాలి. 68 దాటితే పులవని చక్కెరలు మిగిలి బీరు చిక్కగా, తియ్యగా తయారవుతుంది. ఈ లాగర్ గొంతులో తేలిగ్గా దిగాలి. ఆ తేలిక తెచ్చేవి మొక్కజొన్న అటుకులు. ఆవిరి పట్టి ఒత్తినవి కనుక వాటి పిండి ముందే ఉడికి ఉంటుంది, నేరుగా మాష్‌లో వేయవచ్చు. పచ్చి రవ్వ వేస్తే ముందు విడిగా ఉడికించాలి, లేకపోతే పిండి పిండిగానే మిగులుతుంది. తోర్తియాల కోసం అమ్మే మాసా పిండి మెక్సికోదే కదా అని వాడకండి. అందులో సున్నం ఉంటుంది, మాష్ పీహెచ్‌ని పాడుచేస్తుంది.

తర్వాత 76 డిగ్రీల నీళ్లు 15, 16 లీటర్లతో గింజని కడిగితే 25 లీటర్ల వోర్ట్ వస్తుంది. మూత పెట్టకుండా 90 నిమిషాలు బాగా మరిగించాలి. ఇక్కడో అపోహ. ఉడికించిన మొక్కజొన్న వాసనొస్తే అందరూ అటుకులనే అనుమానిస్తారు. ఆ వాసన డైమిథైల్ సల్ఫైడ్‌ది, అది వచ్చేది లేత బార్లీ మాల్ట్‌లోని ఎస్-మిథైల్ మెథియోనిన్ నుంచి. మూత పెడితే ఆవిరై పోవలసింది మళ్లీ గిన్నెలోనే పడుతుంది. మరగడం ఆగాక వోర్ట్ వేడిగా ఉన్నంతసేపూ అది పుడుతూనే ఉంటుంది, కాబట్టి రాగి గొట్టపు చుట్టలో చల్లటి నీళ్లు పారించి గబగబా చల్లార్చాలి. చేదునిచ్చే హాప్స్ పూల విషయం చిన్నదే: 13 శాతం ఆల్ఫా ఆమ్లమున్న మాగ్నం 12 గ్రాములు చివరి గంట మొదట్లో, టెట్‌నాంగ్ 15 గ్రాములు చివరి పది నిమిషాల్లో. చేదు, దాన్ని కొలిచే ఐబీయూ అంకెల్లో, 20 వస్తుంది, ఇంతకు మించితే ఈ తరహా కాదు.

ఈస్ట్‌కి మెక్సికన్ లాగర్ రకం డబ్ల్యూఎల్‌పీ 940 బాగుంటుంది, దొరక్కపోతే పొడి ఈస్ట్ డబ్ల్యూ-34/70. చల్లటి వోర్ట్‌లో ఈస్ట్ నిదానంగా పెరుగుతుంది కనుక మోతాదు పెద్దది: ఈ 20 లీటర్లకి 39,000 కోట్ల కణాలు, అంటే 11.5 గ్రాముల పొడి ప్యాకెట్లు రెండు. ఒకటితో సరిపెట్టుకుంటే గంధకం వాసనా, వెన్న వాసనా పలకరిస్తాయి. 10 డిగ్రీల్లో కలిపి 11, 12 మధ్య పులియనివ్వాలి.

వెన్న వాసన డైఅసిటైల్‌ది. ఈస్ట్ వాలీన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారు చేసుకునే దారిలో ఆల్ఫా అసిటోలాక్టేట్ పుడుతుంది, కొంత కణం బయటికి కారుతుంది. అది బీరులో ఏ ఎంజైమూ లేకుండానే కార్బన్ డయాక్సైడ్ కోల్పోయి డైఅసిటైల్ అవుతుంది. చలిలో ఈ మార్పు చాలా నిదానం. పుట్టిన డైఅసిటైల్‌ని ఈస్ట్ మళ్లీ లోపలికి లాక్కుని అసిటాయిన్‌గా, ఆపైన 2,3-బ్యూటేన్‌డయాల్‌గా మార్చేస్తుంది, వాటికి చెప్పుకోదగ్గ వాసన లేదు. కాబట్టి ఈస్ట్ ఇంకా చురుగ్గా ఉండగానే ఆ నిదానపు మెట్టుని తొందరపెట్టాలి. సాంద్రత 1.020కి దిగగానే ఉష్ణోగ్రతని 17కి పెంచి మూడు రోజులు ఉంచాలి. అయిందో లేదో తేల్చే పరీక్ష తేలిక. రెండు నమూనాలు తీసి ఒకదాన్ని మూతపెట్టి 65 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంచి చల్లార్చి, రెండూ వాసన చూడాలి. వేడిచేసినదే వెన్న వాసనేస్తే లోపల అసిటోలాక్టేట్ ఇంకా దాగుందన్నమాట, బీరుని చలిలోకి దించకూడదు. రెండూ శుభ్రంగా ఉంటే రోజుకి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించి, 1 డిగ్రీ దగ్గర నాలుగు వారాలు ఉంచాలి.

సీసాల్లో నింపేటప్పుడు, బుడగలు పుట్టడానికి, 20 లీటర్లకి పంచదార 120 గ్రాములు. బీరు ఇప్పుడు 1 డిగ్రీలో ఉంది కదా, అందులో వాయువు ఎక్కువ కరిగి ఉంటుందని లెక్కేసి పంచదార సగానికి తగ్గించేవాళ్లున్నారు. కానీ 17 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే వాయువు తప్పించుకుపోయింది. పులవడం ఆగాక చల్లబరిస్తే పోయింది తిరిగి రాదు. లెక్కకి పట్టేది బీరు చూసిన అత్యధిక ఉష్ణోగ్రతే. సగం పంచదారతో నింపిన సీసాలు చప్పగా ఉంటాయి. నింపాక రెండు వారాలు 20 డిగ్రీల దగ్గర ఉంచి, ఆ తర్వాత చల్లబరచాలి.

సీసా గోధుమ రంగుదే కావాలి. హాప్స్ చేదునిచ్చే ఐసోహ్యూములోన్లు నీలి కాంతి తగిలితే, బీరులోని రైబోఫ్లేవిన్ సాయంతో విరిగి గంధకంతో కలిసి, ముక్కుపుటాలు అదిరే కంపు కొట్టే థయోల్ అనే గంధకపు పదార్థంగా మారతాయి. లీటరుకి కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. ముదురు లాగర్‌లో నీలి కాంతి మొదటి సెంటీమీటరులోనే 95 శాతం ఆగిపోతుంది కనుక సీసా నడిమధ్య ఉన్న బీరు క్షేమమే. కానీ గాజుని ఆనుకున్న పొరకి ఆ రక్షణ లేదు, సీసా కదిపితే చెడినదీ చెడనిదీ కలిసిపోతాయి. తెల్ల గాజు తప్ప మరేదీ దొరక్కపోతే సీసాలని మూతపడే అట్టపెట్టెలో పెట్టి, తాగేరోజునే బయటికి తీయండి.