గంటకో బిట్టు

1974 నవంబరు 16న అరెసిబో రేడియో టెలిస్కోప్ నుంచి గ్రహాంతర జీవుల కోసం అంతరిక్షంలోకి పంపిన సందేశాన్ని అవతలివాళ్లు చదవగలరా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. చర్చ ఎప్పుడూ మన లెక్కలు వాళ్లకు అర్థమవుతాయా అన్న దగ్గరే ఆగిపోతుంది. 1679 బిట్లు (సున్నాలు, ఒకట్లు), 23 × 73 గళ్ల బొమ్మ, అందులో మనిషి ఆకారం, డీఎన్‌ఏ మెలిక: ఇవి అందరూ రాసినవే, వదిలేద్దాం. అర్థం కావాలంటే ముందు అందాలి కదా!

ప్యూర్టో రికోలో 305 మీటర్ల డిష్ (2020లో కూలిపోయింది), 450 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్, 2380 మెగాహెర్ట్జ్. డిష్ ఆ శక్తినంతా సన్నని పుంజంగా కుదించింది. ఆ దారిలో ఉన్నవాడికి అది 20 లక్షల కోట్ల వాట్లను అన్ని వైపులా చిమ్మే ట్రాన్స్‌మిటర్‌తో సమానం. గమ్యం ఎం13 తారాగుచ్ఛం, దాదాపు 25,000 కాంతి సంవత్సరాలు. అక్కడా అరెసిబో లాంటి డిష్షే ఉందనుకుందాం, వైశాల్యంలో సగం పనికొస్తుందనుకుందాం. దానికి చిక్కేది 10⁻²⁴ వాట్లు. సెకనుకు 10 బిట్ల చొప్పున పంపారు కాబట్టి బిట్టుకు 10⁻²⁵ జూళ్లు. రిసీవర్ రొద ఉష్ణోగ్రత (రొద ఎంతో చెప్పే కొలత) 25 కెల్విన్లే అనుకున్నా, ఆ రొద బిట్టుకు 3.5 × 10⁻²² జూళ్లు. అంటే రొద 3,500 రెట్లు పెద్దది! బిట్టు తప్పు లేకుండా చదవాలంటే సంకేతమే రొదకు పదింతలు ఉండాలి. లోటు 35,000 రెట్లు. అంత లోటు పూడాలంటే వినేవాడి డిష్ వ్యాసం 55 కిలోమీటర్లు దాటాలి. రెండు చివరలా అరెసిబో లాంటి డిష్షులే ఉంటే, ఈ వేగంలో సందేశం చదవగలిగే దూరం దాదాపు 135 కాంతి సంవత్సరాలే.

డిష్ పెంచకుండా ఇంకో దారి ఉంది: నెమ్మదిగా పంపడం. జాతరలో డప్పుల మధ్య మాట వినపడదు. సన్నాయి ఒకే స్వరం మీద నిలిస్తే మాత్రం చెవి పట్టేస్తుంది. ఎంతసేపు నిలిస్తే అంత సన్నని ఫిల్టర్ (ఆ స్వరాన్నే లోపలికి వదిలే జల్లెడ) వాడొచ్చు, అంత తక్కువ రొద లోపలికొస్తుంది. కానీ స్వరం మారకపోతే కబురు లేదు, త్వరత్వరగా మారితే డప్పుల్లో కలిసిపోతుంది. వోయేజర్ 1 వ్యోమనౌక గురుగ్రహం దగ్గర సెకనుకు 1,15,200 బిట్లు పంపింది. ఎంతో దూరం వెళ్లిపోయాక ఇప్పుడు 160. ఎం13 లెక్కలో ఒక్కో బిట్టును దాదాపు గంటసేపు పట్టి ఉంచాలి. మూడు నిమిషాల్లోపు ముగిసిన సందేశానికి రెండు నెలలకు పైనే పడుతుంది.

అప్పుడు కొత్త చిక్కులు మొదలవుతాయి. భూభ్రమణం వల్ల 2380 మెగాహెర్ట్జ్ సంకేతం స్వరం సెకనుకు పావు హెర్ట్జ్ దాకా జారుతుంది. గంట బిట్టుకు కావలసిన ఫిల్టర్ వెడల్పు హెర్ట్జ్‌లో దాదాపు 3,500వ వంతు. సంకేతం కన్ను మూసి తెరిచేలోపు దాన్ని దాటిపోతుంది. పంపేవాడు తన గ్రహ చలనాన్ని ముందే సరిదిద్దాలి, వినేవాడు తనది తీసేయాలి. ఆ సవరణ లేకపోతే ఎంత వేగంతో జారుతోందో తెలియక, ఒక్కో వేగానికీ ఒక్కో లెక్క వేసి వెతకాలి. పైగా నక్షత్రాల మధ్య చెదిరి ఉన్న ఎలక్ట్రాన్లు స్వరాన్ని కొద్దిగా పులిమేస్తాయి. ఒక హద్దు కన్నా సన్నని స్వరం దూరం వెళ్లి సన్నగానే ఉండదు.

2001 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని చిల్‌బోల్టన్ రేడియో టెలిస్కోప్ దగ్గర పొలంలో పంట వంగిపోయి ఇదే 23 × 73 గళ్ల బొమ్మ, కొన్ని మార్పులతో, తేలితే, జవాబొచ్చిందని నమ్మినవాళ్లున్నారు. అప్పటికి సందేశం వెళ్లింది 27 కాంతి సంవత్సరాల దూరం లోపే. జవాబూ కాంతి వేగంతోనే రావాలి కాబట్టి, పంపినవాడు 13.5 కాంతి సంవత్సరాల లోపు ఉండాలి, అదీ ఆ సన్నని పుంజంలోనే. అయినా 25,000 ఏళ్ల ప్రయాణం గురించి చెప్పినవాడి కన్నా పొలంలో కర్రతో తొక్కినవాడికే ప్రచారం ఎక్కువ!

అరెసిబో సందేశం పంపింది ఒక్కసారే. ఒక్కసారి వచ్చి పోయే సంకేతాన్ని ఎవరూ నిర్ధారించలేరు. 1977 ఆగస్టు 15న ఒహాయోలోని బిగ్ ఇయర్ రేడియో టెలిస్కోప్ 72 సెకన్లపాటు పట్టిన సంకేతం మళ్లీ దొరకలేదు, దాని సంగతి ఇప్పటికీ తేలలేదు. నిజంగా వినిపించాలనుకుంటే బొమ్మ కన్నా ముందు, ఏ మార్పూ లేని వాహక తరంగాన్ని, అంటే ఒకే స్వరాన్ని, ఏళ్ల తరబడి పంపాలి. వాళ్లు దాన్ని పట్టుకుని, జారుడు లెక్క కట్టి, పెద్ద డిష్ కట్టుకుని అటే తిప్పుకుంటారు. సందేశం ఆ స్వరం పక్కనే, గంటకో బిట్టు చొప్పున, మళ్లీ మళ్లీ నడవాలి.