డేటాబేస్‌ను సర్వర్ మీదికి మార్చబోయే పిల్లలకు

ప్రియమైన పిల్లలూ,

టేబుళ్లు, ఫారాలు అన్నీ ఒకే ఫైలులో దాచే మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఒక అప్లికేషన్ రాశారనుకుందాం. గ్రంథాలయం లెక్కలు: పుస్తకాలకో టేబుల్, సభ్యులకో టేబుల్, ఎవరు ఏ పుస్తకం ఎప్పుడు తీసుకెళ్లారో రాయడానికి ఇంకొకటి. ఒక్కరే వాడినంత కాలం చక్కగా నడిచింది. దాన్ని నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి పదిమంది తెరిచేసరికి నత్తనడక పట్టింది. అప్పుడప్పుడూ ఫైలే పాడవుతోంది. ఇక ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు, అంటే డేటాను తానే చూసుకుంటూ అందరికీ అందించే మైక్రోసాఫ్ట్ వారి ప్రోగ్రాంకు, మార్చక తప్పదు. మార్చేటప్పుడు ఎక్కడెక్కడ దెబ్బతింటారో తెలిస్తే పని సగం తేలికవుతుంది.

ఫైలు ఏ కంప్యూటర్లో ఉన్నా, యాక్సెస్‌లో వెతికే పని మీ ముందున్న కంప్యూటరే చేస్తుంది. అవతలి యంత్రం ఒట్టి బీరువా. అడిగిన కాగితాలు ఇస్తుందే గానీ వాటిలో ఏం రాసుందో చదవదు. ఫైలు లోపల 4 కిలోబైట్ల పేజీలుంటాయి. ఒక వరుస 200 బైట్లయితే పేజీకి ఇరవై వరుసలు పడతాయి. 2 లక్షల వరుసలకు 10,000 పేజీలు, అంటే దాదాపు 40 మెగాబైట్లు. ఇండెక్స్, అంటే పుస్తకం చివరి విషయసూచిక లాంటిది, ఉన్న కాలమ్ మీద వెతికితే కొన్ని పేజీలే వస్తాయి. అందుకే, యాక్సెస్ ఎప్పుడూ టేబుల్ మొత్తం లాగేస్తుందని చాలామంది అనే మాట సరికాదు. ఇండెక్స్ లేని కాలమ్ మీద వెతికితే మాత్రం ఒక్క వరుస కోసం ఆ 40 మెగాబైట్లూ నెట్‌వర్క్ మీద నడిచి రావలసిందే. క్లయింట్-సర్వర్ పద్ధతిలో మీ కంప్యూటర్ ప్రశ్న పంపుతుంది, సర్వర్ తన దగ్గరే వెతికి ఆ ఒక్క వరుస తిరిగి ఇస్తుంది.

ఫైలు పాడయ్యేదీ ఇందువల్లే. పది యంత్రాలు ఒకే ఫైలులో నేరుగా రాస్తుంటాయి. ఒకరు రాస్తుండగా వైఫై తెగితే పేజీ సగంలో ఆగిపోతుంది. సర్వర్ ఉన్నప్పుడు ఫైలును ముట్టుకునేది సర్వర్ ప్రోగ్రాం ఒక్కటే. అది ప్రతి మార్పునూ ముందు లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. కరెంటు పోయి వచ్చాక లాగ్ చూసి, పూర్తయినవి నిలబెట్టి, సగంలో ఆగినవి వెనక్కి తీసేస్తుంది.

మొదలుపెట్టడానికి ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ చాలు, అది ఉచితం. 2022 వెర్షన్‌లో ఒక్కో డేటాబేస్ 10 గిగాబైట్ల దాకా పెరగొచ్చు. యాక్సెస్ ఫైలుకు 2 గిగాబైట్లే హద్దు. ఎక్స్‌ప్రెస్ పెట్టగానే పక్క కంప్యూటర్ నుంచి దొరక్కపోతే కంగారుపడకండి. అందులో టీసీపీ/ఐపీ, అంటే నెట్‌వర్క్ మీద మాట్లాడే పద్ధతి, మొదట ఆపేసి ఉంటుంది. సర్వర్‌తో వచ్చే కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో దాన్ని ఆన్ చేసి సర్వీసును రీస్టార్ట్ చేయాలి. ఎక్స్‌ప్రెస్ పోర్టు నంబరు, అంటే కనెక్షన్ వచ్చే తలుపు నంబరు, మారుతూ ఉండవచ్చు. దాన్ని 1433కి స్థిరపరిచి, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్టు తెరవడం నాకు శుభ్రమైన దారి అనిపిస్తుంది. యాక్సెస్‌ను సర్వర్‌తో కలిపేది ఓడీబీసీ డ్రైవర్. దాని 18వ వెర్షన్ వాడితే, సర్వర్ చూపే గుర్తింపు పత్రం, అంటే సర్టిఫికెట్, నమ్మదగినది కాదని కనెక్షన్ ఆగవచ్చు. ఆ వెర్షన్ నుంచి ఎన్‌క్రిప్షన్, అంటే డేటాను గుప్తంగా పంపడం, దానంతటదే తప్పనిసరి అయింది మరి.

టేబుళ్లు తరలించడానికి మైక్రోసాఫ్ట్ వాళ్లే ఇచ్చే మైగ్రేషన్ అసిస్టెంట్ ఉంది, ఎస్ఎస్ఎంఏ అంటారు. యాక్సెస్‌లోనే ఉండే పాత అప్‌సైజింగ్ విజార్డును 2013 వెర్షన్‌లో తీసేశారు. ఫారాలు, రిపోర్టులు యాక్సెస్‌లోనే ఉంటాయి. టేబుళ్లు మాత్రం సర్వర్‌కు వెళ్లి, ఓడీబీసీ లింకుల ద్వారా పాత పేర్లతోనే కనిపిస్తాయి. ఒక్క మాట: ప్రైమరీ కీ (ఒక్కో వరుసను గుర్తుపట్టే నంబరు) గానీ యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండుసార్లు రానివ్వనిది) గానీ లేని టేబుల్‌ను లింక్ చేస్తే చదవగలరు, మార్చలేరు. అందుకని కీలు ముందే పెట్టుకోండి.

ఇక తేదీల సంగతి. ఎవరో 2003 అని కొట్టబోయి 203 అని కొట్టారనుకోండి. యాక్సెస్ 100వ సంవత్సరం నుంచి ఏ తేదీనైనా తీసుకుంటుంది, నోరెత్తదు. సర్వర్‌లో డేట్‌టైమ్ రకం 1753 జనవరి 1తో మొదలవుతుంది, కాబట్టి ఆ వరుస దగ్గర తరలింపు ఆగిపోతుంది. 1753 ఎందుకంటారా? బ్రిటన్ 1752లో క్యాలెండర్ మార్చుకుంది. ఆ ఏడు సెప్టెంబర్ 2 తరువాతి రోజు 14 అయింది, మధ్యలో పదకొండు రోజులు ఎగిరిపోయాయి. ఆ గందరగోళం దాటాకే లెక్క మొదలుపెట్టారు. డేట్‌టైమ్2 అనే రకం 1వ సంవత్సరం నుంచీ తీసుకుంటుంది. అప్పుడు తరలింపు సాగుతుంది గానీ తప్పు తేదీ తప్పుగానే ఉండిపోతుంది. పైగా పాత డ్రైవర్‌తో లింక్ చేస్తే ఆ కాలమ్ తేదీగా కాక ఒట్టి అక్షరాలుగా కనబడుతుంది. కనుక తరలించక ముందే 1900కు ముందున్న తేదీలన్నీ ఒక క్వెరీతో, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నతో, బయటకు లాగి సరిచేయండి.

ఇంకా తికమక పెట్టేది అవును/కాదు కాలమ్. యాక్సెస్‌లో అవును అంటే -1, సర్వర్‌లో 1. కోడ్‌లో ఎక్కడైనా -1తో పోల్చి ఉంటే అక్కడ దెబ్బతినవచ్చు. సున్నాతో సమానం కాదు అని పోల్చితే రెండు చోట్లా నడుస్తుంది. సర్వర్‌లో ఆ కాలమ్ ఖాళీగా, అంటే నల్‌గా కూడా ఉండగలదు. యాక్సెస్‌కు ఖాళీ అర్థం కాదు, దాన్ని కాదు అని చదువుకుంటుంది. సేవ్ చేసే ముందు తాను చదివిన విలువలు ఇంకా అలాగే ఉన్నాయా అని సరిపోల్చుకుంటుంది. అవి కలవవు. దాంతో మీరొక్కరే కూర్చుని ఉన్నా, ఈ వరుసను వేరొకరు మార్చారని చెబుతుంది. ఆ కాలమ్‌కు డిఫాల్ట్ 0 ఇచ్చి, నల్ కుదరదని పెట్టండి. టేబుల్‌కు రోవెర్షన్ కాలమ్ ఒకటి చేర్చండి, వరుస మారినప్పుడల్లా అందులో విలువ దానంతటదే మారుతుంది. అప్పుడు యాక్సెస్ అన్ని విలువలూ పోల్చడం మాని ఆ ఒక్కదాన్నే చూస్తుంది.

ఆటోనంబర్, అంటే కొత్త వరుసకు దానంతటదే పడే నంబరు, యాక్సెస్‌లో మొదటి అక్షరం కొట్టగానే వస్తుంది, సర్వర్‌లో వరుస సేవ్ అయ్యాకే వస్తుంది. కొత్త నంబరు ముందే చదివే కోడ్‌కు ఇక ఏమీ దొరకదు. యూనిక్ ఇండెక్స్‌లో యాక్సెస్ ఎన్ని ఖాళీలైనా ఒప్పుకుంటుంది, సర్వర్ ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది. ఖాళీలు వదిలేసే ఫిల్టర్డ్ ఇండెక్స్ రాస్తే సరిపోతుంది. టేబుళ్లు చేత్తో రాస్తే పేర్ల కాలమ్‌కు ఎన్‌వార్‌చార్ వాడండి, అది అన్ని భాషల అక్షరాలూ పట్టే రకం. ఒట్టి వార్‌చార్ పెడితే మామూలుగా తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాల వరుసలైపోతాయి. ఆ అక్షరాలు మళ్లీ తిరిగి రావు.

టేబుళ్లు మారగానే వేగం వస్తుందని అనుకోవద్దు, ఇక్కడే చాలామంది నిరాశపడతారు. క్వెరీ షరతులో మీరు యాక్సెస్ ప్రోగ్రామింగ్ భాష వీబీఏలో రాసుకున్న సొంత ఫంక్షన్ ఉంటే సర్వర్‌కు అది తెలియదు. యాక్సెస్ వరుసలన్నీ తెప్పించుకుని ఇక్కడే వడపోస్తుంది, మళ్లీ పాత కథే. అలాంటివాటిని సర్వర్‌లోనే దాచుకునే క్వెరీలైన వ్యూలుగానో, యాక్సెస్ ముట్టుకోకుండా నేరుగా సర్వర్‌కు పంపే పాస్-త్రూ క్వెరీలుగానో తిరిగి రాయాలి. పాస్-త్రూలో భాష సర్వర్‌ది: ఏ అక్షరాలైనా సరే అని చెప్పే నక్షత్రం గుర్తు బదులు %, తేదీల చుట్టూ # బదులు ఒంటి కోట్ గుర్తులు. ఫారం తెరవగానే టేబుల్ మొత్తం చూపించే అలవాటు కూడా మానండి. ముందు సభ్యుడి నంబరు అడిగి, ఆ ఒక్కరి వరుసలే తెప్పించండి. వేగం అక్కడ వస్తుంది.

అసలు రోజుకు ముందు కాపీ మీద కనీసం రెండుసార్లు మొత్తం పని చేసి చూడండి. ప్రతి టేబుల్‌లో వరుసల సంఖ్య, జరిమానా మొత్తాల కూడిక, చివరి తేదీ రెండు వైపులా రాసుకుని సరిపోల్చండి. వరుసల సంఖ్య కలిసినంత మాత్రాన నమ్మకండి.

సర్వర్ నడుస్తుండగా డేటా ఫైలును కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు, బ్యాకప్ కమాండే వాడాలి. ఎక్స్‌ప్రెస్‌లో వేళకు పనులు నడిపే ఏజెంట్ ఉండదు. కాబట్టి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో రోజూ రాత్రి నడిపించండి. తీసిన బ్యాకప్‌ను ఒకసారి వేరే పేరుతో రీస్టోర్ చేసి చూడండి.

మార్చిన రోజు పాత ఫైలు పేరు మార్చి, చదవడానికి మాత్రమే వీలుగా పెట్టండి. లేదంటే ఎవరి డెస్క్‌టాప్ మీదో మిగిలిన పాత షార్ట్‌కట్ దాన్నే తెరుస్తుంది. వాళ్లు రోజంతా అందులో ఎక్కించినవి సర్వర్‌లో ఎక్కడా కనబడవు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న